ఎన్ని ఉతుకుల దాకా?

తెరమీద నాలుగు నిమిషాలు సాగే ఫైటు తీయడానికి ఒక్కోసారి వారం పడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ హీరో ఒంటిమీద ఉన్నది ఒకే చొక్కా అని ప్రేక్షకుడు నమ్మాలి. అదే మడత, అదే మరక, భుజం దగ్గర అదే చిరుగు. సినిమావాళ్లు దీన్ని కంటిన్యూటీ అంటారు. పెద్ద హీరోకూ ఆయన డూపుకూ కలిపి ఒకే రకం చొక్కాలు నాలుగైదు కుట్టించి ఉంచుతారు. చిన్న వేషానికి ఆ వైభోగం ఉండదు. ఉన్నది ఒకటే జత. రాత్రి విప్పి దండెం మీద వేసినదాన్నే తెల్లారి మళ్లీ తొడుక్కోవాలి. ఉతికితే మరక పోతుంది, మరక పోతే కంటిన్యూటీ పోతుంది. మే నెల ఎండలో, లైట్ల వేడిలో, పాలిస్టర్ కోటు కింద ఆ జత మూడో రోజుకు ఎలా తయారవుతుందో పక్కన నిలబడ్డ సహనటుడికి బాగా తెలుసు.

పాశ్చాత్య నాటకశాలల్లో దీనికో పాత చిట్కా ఉంది. వోడ్కాలో నీళ్లు కలిపి దుస్తుల చంకల దగ్గర చల్లుతారు. వాసన పుట్టించే సూక్ష్మజీవులు కొన్ని చస్తాయి, ఆరాక వోడ్కా వాసన కూడా మిగలదు. మన దగ్గర ఎండే ఆ పని చేసిపెడుతుంది. ఇప్పుడు ఈ రెంటి మధ్యకీ మూడోది వచ్చింది: నానో. నానో వెండి బనియను, నానో పూత ప్యాంటు, మరక అంటని చొక్కా, ఎండను ఆపే జాకెట్టు. చీటీ మీద ఆ రెండక్షరాలు పడితే ధర కొంచెం పైకి జరుగుతుంది.

హైదరాబాద్ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దిగువన కృష్ణానగర్‌లో గది తీసుకుని, పైన ఫిల్మ్‌నగర్‌లో అవకాశాల కోసం తిరిగేవాళ్లకు బట్టలే తొలి పెట్టుబడి. ఆడిషన్‌కు వెళ్లే చొక్కా ఒకటి, ఆఫీసుల చుట్టూ తిరిగే చొక్కా ఒకటి, షూటింగులో పాడైనా ఫరవాలేదనుకునేది ఒకటి. బట్టను చదవడం వస్తే ఈ ఊళ్లో అన్నం పెడుతుందనడానికి కాస్ట్యూమ్స్ కృష్ణ పెద్ద సాక్ష్యం. దుస్తుల శాఖలో మొదలైన మనిషి ‘భారత్ బంద్’తో నటుడయ్యారు, ‘పెళ్లి పందిరి’ లాంటి సినిమా నిర్మించారు. 2023లో కన్నుమూసే దాకా ఆయన పేరు ముందు ఉన్నది వృత్తి పేరే. ఈ అధ్యాయం ఆ చదువులో ఒక చిన్న పాఠం. కొత్త మాట వినగానే పర్సు తీయకుండా, అలాగని మొహం తిప్పుకోకుండా, ఆ మాటను బట్టతోనే చెప్పించడం ఎలాగన్నది విషయం.

ముందు కొలత. మీటరును 100 కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 80,000 నుంచి 1,00,000 నానోమీటర్లు. పత్తి పోగు వెడల్పు దాదాపు 12,000 నుంచి 20,000. మామూలుగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండే పదార్థాన్ని నానో అంటారు. అంటే ‘నానో చొక్కా’ పత్తి చొక్కానే. దాని పోగుల మీద కంటికి కనబడనంత పలుచని పూతో, రేణువులో కూర్చున్నాయని అర్థం. కూర్చున్నది లేచిపోవచ్చు. ఈ అధ్యాయం మొత్తానికి తలుపు తీసే తాళం చెవి ఇదే.

అన్నట్టు, ఫిల్మ్‌నగర్‌కు నానో కొత్తదేమీ కాదు. అక్కడి దుస్తుల గోదాముల్లో చీటీ లేకుండానే దశాబ్దాలుగా వేలాడుతోంది. ఐటమ్ సాంగ్ లంగాలో, రాజుగారి అంగరఖాలో మెరిసే జరీలో ఎక్కువ భాగం బంగారమూ కాదు, వెండీ కాదు. పాలిస్టర్ పొర మీద గాలిలేని గదిలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి పట్టించి, సన్నని పట్టీలుగా కోసి తీసిన పోగు. లూరెక్స్ అనే వ్యాపార నామంతో ఈ జాతి పోగులు లోకమంతా తిరిగాయి. ఆ లోహపు పొర మందం కొన్ని పదుల నానోమీటర్లు. 40 నానోమీటర్లని లెక్క వేస్తే ఒక్క గ్రాము అల్యూమినియంతో 9 చదరపు మీటర్ల పైచిలుకు మెరుపు వస్తుంది. రాజుగారి కొలువు మొత్తానికి మెరుపు అద్దడానికి చెంచాడు లోహం చాలు. పాత సినిమా దుస్తులు నల్లబడి, పొట్టు రాలి, కింద ప్లాస్టిక్ తేలడం చూసినవాళ్లు ఆ పొర జీవితకాలాన్ని కూడా చూసినట్టే.

ఇంకా వెనక్కి వెళ్తే కృష్ణుడి కిరీటంలోని నెమలి పింఛం ఉంది. ఆ నీలంలో నీలపు రంగు పదార్థమేదీ లేదు. ఈక లోపల మెలనిన్ కడ్డీలు వెలుతురు తరంగదైర్ఘ్యానికి సరిపడే ఎడంలో వరసగా పేర్చి ఉంటాయి, ఆ అమరికే నీలాన్ని వెనక్కి పంపుతుంది. ఈకను మెత్తగా నూరితే మిగిలేది గోధుమ రంగు పొడి. జపాన్ కంపెనీ టెయిజిన్ ఇలాంటి సూత్రంతోనే, నైలాన్, పాలిస్టర్ పొరలను ఒకదానిమీద ఒకటి పేర్చి, రంగు వేయకుండానే రంగు కనబడే మార్ఫోటెక్స్ అనే పోగు తయారు చేసింది. అందమైన ఆలోచన. బజారులో మాత్రం నిలదొక్కుకోలేదు. మంచి సైన్సుకూ మంచి సరుక్కూ మధ్య దూరం ఎంతో తెలియడానికి ఆ పోగును గుర్తుపెట్టుకోవచ్చు.

ఇక దుకాణంలో నిజంగా ఎదురయ్యే సరుకు దగ్గరికి వద్దాం. అందులో మొదటిది నీళ్లు అంటని, మరక పట్టని బట్ట.

తామరాకు మీద నీటిబొట్టు అన్న మాట మన నోట్లో ఎప్పటినుంచో ఉంది. ఆ బొట్టు ఎందుకు నిలవదో సూక్ష్మదర్శినితో చూసి వివరంగా రాసినవాళ్లు జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు విల్‌హెల్మ్ బార్త్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్. 1997లో వాళ్ల పరిశోధన పత్రం వచ్చింది. ఆకు నున్నగా ఉండదు. దాని నిండా చిన్న చిన్న బొడిపెలు, ఆ బొడిపెల మీద ఇంకా చిన్న మైనపు నూగు. బొట్టుకు ఆకు తగిలేది మొనల దగ్గరే, మిగతా చోటంతా కింద గాలి. అందుకే గుండ్రంగా నిలబడి, జారిపోతూ దుమ్మును కూడా వెంటబెట్టుకుపోతుంది.

మరుసటి ఏడాది, 1998లో, అమెరికాలో డేవిడ్ సోన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నానో-టెక్స్ కంపెనీ పెట్టాడు. పత్తి పోగుకు నీటిని తోసేసే అణువుల నూగు పట్టించడం దాని విద్య. 2000 దశకం మొదట్లో ఎడ్డీ బాయర్ లాంటి కంపెనీలు ఆ బట్టతో ప్యాంట్లు అమ్మాయి. కాఫీ ఒలికితే తుడిస్తే చాలన్నది ప్రచారం. నిజంగానే బొట్టు జారేది కూడా. 2005లో చికాగోలో కొందరు నిరసనకారులు ఎడ్డీ బాయర్ దుకాణంలోకి వెళ్లి, నానో ప్యాంట్లు వద్దంటూ ఒంటిమీద బట్టలు విప్పేసి నినాదాలు చూపించారు. బట్టకు వ్యతిరేకంగా బట్టలు విప్పడం ప్రచారానికి పనికొచ్చింది. వాళ్లు అడగాల్సిన అసలు ప్రశ్న మాత్రం రేణువు పరిమాణం గురించి కాదు, పూతలోని రసాయనం గురించి.

ఎందుకంటే ఈ తరహా మరక నిరోధకాల్లో చాలావాటి బలం ఫ్లోరిన్ రసాయనాలది. పీఫాస్ అని ఇప్పుడు పత్రికల్లో కనబడే కుటుంబం అదే. అవి నేలలో, నీళ్లలో, ఒంట్లో విరిగిపోకుండా ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఆ కుటుంబంలోని పీఎఫ్‌ఓఎస్‌ను 2009లో, పీఎఫ్‌ఓఏను 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం కట్టడి జాబితాలో చేర్చారు. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి కొత్త వస్త్రాల్లో ఈ రసాయనాలు కలపడం మీద నిషేధం మొదలైంది, ఫ్రాన్స్ 2026 జనవరి నుంచి దుస్తుల విషయంలో అదే దారి పట్టింది. దుకాణదారుకు ఈ గొడవంతా తెలియనవసరం లేదు. కొనేవాడికి తెలుసుకునే తేలిక మార్గం ఉంది, అదీ వంటింట్లోనే.

బట్ట లోపలి అంచు మీద ఒక చుక్క నీళ్లు, ఒక చుక్క నూనె పక్కపక్కన వేయాలి. ఆవకాయ మీద తేలిన నూనె అయితే ఎరుపు వల్ల స్పష్టంగా కనబడుతుంది. నీళ్ల చుక్క గుండ్రంగా నిలిచి నూనె చుక్క ఇంకిపోతే, ఆ పూత మైనమో సిలికానో అయ్యే అవకాశం ఎక్కువ. రెండూ నిలిస్తే ఫ్లోరిన్ ఉందనే అనుమానించాలి. నూనె తలతన్యత నీటికన్నా చాలా తక్కువ, దాన్ని కూడా తోసేయాలంటే మామూలు పూతలకు చేతకాదు. రెండూ ఇంకిపోతే చీటీ అబద్ధం, లేదా పూత అప్పటికే పోయింది. ఇంట్లో ఇప్పటికే ఉన్న జాకెట్టుతో మొదలుపెడితే చెయ్యి తిరుగుతుంది. దుకాణంలో ఆవకాయ సీసా తీస్తే సేల్స్‌మన్ ఏమంటాడో చెప్పలేం, నీళ్ల చుక్కకైతే అభ్యంతరం చెప్పడు.

ఇక్కడ సినిమావాళ్ల అవసరం మామూలు మనుషుల అవసరానికి అడ్డం తిరుగుతుంది. తెలుగు సినిమాలో వాన పాట తీయని దశాబ్దం లేదు. వానలో చొక్కా తడవాలి, ఒంటికి అతుక్కోవాలి. బొట్లు బొట్లుగా జారిపోయే బట్ట అక్కడ పనికిరాదు. కొత్త పంచెను పల్లెటూరి పాత పంచెలా చూపించడానికి టీ నీళ్లలో ముంచాలి, మట్టి పులమాలి. మరక పట్టని బట్ట ఆ వేషం వేయనివ్వదు. నకిలీ రక్తం నిలవక కారిపోతే ఫైటు మాస్టరు ఊరుకోడు. అందుకే కాస్ట్యూమర్‌కు బట్ట కొనేముందు అది ఏ సీనులో ఉంటుందో తెలియాలి. సొంత బీరువాకు కొనేవాళ్లు ఈ క్రమాన్ని అరువు తెచ్చుకోవచ్చు: బట్ట గుణం తరవాత, ముందు దాని పని. స్కూటరు మీద మాదాపూర్ దాకా వెళ్లి వచ్చే వాడికి వానాకాలపు జాకెట్టు మీద నీళ్లు నిలవకపోవడం లాభం. అదే పూత లోపలి బనియను మీద ఉంటే చెమట పీల్చుకోక చికాకు.

రెండో సరుకు వెండి. అసలు బేరమంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిలబడి చూడాలి.

వెండి పాత్రలో నీళ్లు చెడవన్న నమ్మకం పాతది, దానికి ఆధారమూ ఉంది. తేమ తగిలితే వెండి నుంచి అయాన్లు మెల్లగా విడుదలవుతాయి, అవి సూక్ష్మజీవుల పనిని అడ్డుకుంటాయి. నానో చేసేదల్లా ఉపరితలాన్ని పెంచడం. అంచు ఒక సెంటీమీటరు ఉన్న వెండి ఘనానికి ఆరు ముఖాలూ కలిపి 6 చదరపు సెంటీమీటర్లు. అదే ముక్కను 10 నానోమీటర్ల ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లకు చేరుతుంది. జూబ్లీహిల్స్ లెక్కలో చెప్పాలంటే 700 గజాల పైచిలుకు స్థలం, చేతివేళ్ల మధ్య పట్టే లోహంలోంచి. అందుకే బట్టకు అతి కొద్ది వెండి చాలు. చెమటకు స్వతహాగా పెద్ద వాసన లేదు, బట్టలో, చర్మం మీద ఉన్న బాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడు వస్తుంది. వెండి ఆ బాక్టీరియా మీద పని చేస్తుంది. రోగాలు రాకుండా కాపాడుతుందనే మాట చీటీ మీద కనబడితే అక్కడ ఆగాలి. బట్ట వాసన పట్టకుండా ఉండటం ఒకటి, మనిషి జబ్బు పడకుండా ఉండటం ఇంకొకటి.

ఈ సైన్సు మన ఊళ్లో జరగనిదేమీ కాదు. ఫిల్మ్‌నగర్ నగరానికి పడమట ఉంటే, ఆగ్నేయపు కొసన, వినాయకుడి లడ్డూ వేలంతో ఏటా పత్రికలకెక్కే బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ ఉంది. లోహపు పొడుల మీద, కొత్త పదార్థాల మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ సంస్థ అది. కొవిడ్ కాలంలో ఆ సంస్థ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీతో, బెంగళూరులోని రెసిల్ కెమికల్స్‌తో కలిసి ఒక మాస్కు తయారు చేసింది, 2022 ఫిబ్రవరిలో వివరాలు ప్రకటించారు. అందులో వాడింది వెండి కాదు, రాగి ఆధారిత రేణువులు. ద్రావణాన్ని మంటలోకి పిచికారీ చేసి 20 నానోమీటర్ల దగ్గర రేణువులు రాబట్టి, అతికే పదార్థంతో నూలు బట్ట మీద పట్టించారు. సార్స్-కోవ్-2 వైరస్ మీద పరీక్షించిన సీసీఎంబీ 99.9 శాతం నిర్వీర్యమైనట్టు తేల్చింది. మూడు పొరల నమూనాలో పూత వేసిన బట్టను బయటి పొరగా పెట్టారు.

ఆ ప్రకటనను బట్టలు కొనేవాడి కళ్లతో చదివితే నేర్చుకోదగింది చాలా కనబడుతుంది. పూత ఏ లోహంతో అన్నది చెప్పారు. రేణువు ఎంత అన్నది చెప్పారు. బట్టకు దేనితో అంటించారో చెప్పారు. ఏ క్రిమి మీద, ఎవరు పరీక్షించారో చెప్పారు. ఒక చొక్కా చీటీ ఈ నాలుగింటిలో ఒక్కటైనా చెబితే అది మిగతావాటికన్నా మెరుగు. ‘నానో టెక్నాలజీతో తయారైంది’ అని ఊరుకుంటే అది కుంకుడుకాయల ప్యాకెట్టు మీద ‘ప్రకృతి సిద్ధం’ అన్నంత సమాచారమే.

ఆ ప్రశ్నల వెనక ఉండే పెద్ద ప్రశ్న ఉతుకులది. 2008లో అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ట్రాయ్ బెన్, పాల్ వెస్టర్‌హాఫ్ దుకాణంలో దొరికే ఆరు రకాల వెండి సాక్సులు కొని నీళ్లలో తిప్పి చూశారు. కొన్ని నాలుగు ఉతుకులు తిరగకముందే ఉన్న వెండిని దాదాపు అంతా వదిలేశాయి. ఇంకొన్ని దాదాపు పట్టు వదల్లేదు. అన్నింటి మీదా రాసింది మాత్రం వెండి అనే. తేడా రేణువుల్లో కన్నా వాటిని పోగుకు పట్టించిన తీరులో ఉంది. పోగు తీసేటప్పుడే లోపల కలిపితే ఎక్కువ కాలం ఉంటుంది, తయారైన బట్టను పూత నీళ్లలో ముంచి తీస్తే త్వరగా పోతుంది. పోయిన వెండి మాయమవదు. డ్రైనేజీలో కలిసి మురుగు శుద్ధి కేంద్రానికి పోతుంది, అక్కడ మురుగును శుభ్రం చేసే బాక్టీరియా కూడా బాక్టీరియానే. అమెరికాలో ఒక నానో వెండి వస్త్రపు పూతకు పర్యావరణ సంస్థ ఇచ్చిన అనుమతి మీద కోర్టుకెళ్తే 2013లో న్యాయస్థానం అందులో కొంత భాగాన్ని కొట్టేసింది. పసిపిల్లలు బట్టను నోట్లో పెట్టుకుంటే ఎంత వెండి లోపలికి పోతుందన్నది ఆ వాదనలో ఒక ముఖ్యాంశం. చంటిపిల్లల బట్టలకు ఈ పూత అవసరమే లేదన్నది ఇక్కడ నిస్సంకోచంగా చెప్పవచ్చు. వాళ్ల బట్టలు ఎలాగూ రోజూ ఉతుకుతారు.

నానో చీటీ ఉన్న బట్ట కొనేవాళ్లు కొంటున్నది నిజానికి కొన్ని ఉతుకుల కాలం. ఆ కోణంలో లెక్క చాలా తేలిక. మామూలు బనియనుకూ వెండి బనియనుకూ తేడా 300 రూపాయలు అనుకుందాం. పూత 30 ఉతుకులు నిలుస్తుందని కంపెనీ రాస్తే ఉతుకుకు 10 రూపాయలు అదనం. రోజూ ఉతికే బట్టకు ఆ పది రూపాయలు దండగ, ఎందుకంటే సబ్బు ఆ పనిని ఎలాగూ చేస్తోంది. వారానికోసారి కూడా ఉతకలేని బట్టకు, అంటే కంటిన్యూటీలో ఇరుక్కున్న కోటు కింది బనియనుకు, రైల్లో రెండు రాత్రులు గడిపే ప్రయాణానికి, బూట్లలో పన్నెండు గంటలుండే సెక్యూరిటీ గార్డు సాక్సుకు ఆ పది రూపాయలు చవక. ఉతుకుల సంఖ్య ఎక్కడా రాయని బట్టకు లెక్క వేయడమే కుదరదు, కాబట్టి అదనపు ధర ఇవ్వాల్సిన పనీ లేదు.

కొనే ముందు ఇంకో సంగతి. 2014లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 26 మందిచేత సైకిలు తొక్కించి, చెమట పట్టిన టీషర్టులను ఒక రోజు పైగా ఉంచి వాసన చూపించారు. పాలిస్టర్ చొక్కాల వాసన నూలు చొక్కాల కన్నా బాగా అధ్వానమని తేలింది. మైక్రోకాకస్ అనే బాక్టీరియా పాలిస్టర్ మీద చక్కగా పెరుగుతోంది. వాసన గొడవ ఉన్న మనిషి ముందు మార్చాల్సింది పోగును. పాలిస్టర్ కొని దానికి వెండి అద్దించుకోవడం చుట్టుతిరుగుడు వ్యవహారం. తెరమీద మెరవాల్సిన కోటుకు పాలిస్టర్ తప్పకపోవచ్చు, దాని కింద పలుచని నూలు బనియను ఉండటానికి ఏ డైరెక్టరూ అడ్డు చెప్పడు.

ఎండను ఆపే బట్ట మూడోది. జింక్ ఆక్సైడు, టైటానియం డయాక్సైడు రేణువులు అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటాయి. బట్ట ఎంత కాపాడుతుందో చెప్పే కొలత యూపీఎఫ్. 1996లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి దానికి ప్రమాణం రాశాయి. యూపీఎఫ్ 50 అంటే ఆ కిరణాల్లో 50వ వంతు మాత్రమే బట్ట దాటి లోపలికి వస్తుందని. పలుచని తెల్ల నూలు టీషర్టుకు ఈ సంఖ్య పదికి లోపే ఉంటుంది, తడిస్తే ఇంకా పడిపోతుంది. ఆరుబయట గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టుకు, రిఫ్లెక్టరు పట్టుకునే లైట్‌మన్‌కు, ఆ లోకంతో సంబంధం లేని డెలివరీ కుర్రాడికి ఇది అక్కరకొచ్చే సమాచారం. అయితే ముదురు రంగు, దట్టమైన నేత కూడా యూపీఎఫ్‌ను బాగా పెంచుతాయి. నీలిమందు అద్దిన మందపాటి చేనేత చొక్కాకు చీటీ ఉండదు, రక్షణ ఉంటుంది. బట్టను ఎండకేసి పట్టి చూస్తే ఎన్ని చుక్కల వెలుతురు కనబడుతుందో అంత ఎండ ఒంటికి తగులుతుందని స్థూలంగా అనుకోవచ్చు.

టైటానియం డయాక్సైడుకు ఇంకో విద్య ఉంది. ఎండ తగిలితే దాని ఉపరితలం మీద పడ్డ మరకలను విరగ్గొడుతుంది. హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో వాలిద్ దావూద్, జాన్ షిన్ 2004లో నూలు బట్టకు ఈ పూత వేసి చూపించారు. 2008లో దావూద్ బృందం ఆస్ట్రేలియాలో ఉన్ని మీద ఎర్ర వైన్ మరక వేసి, 20 గంటలు కృత్రిమ ఎండలో పెట్టి, దాదాపు మాయం చేసింది. గొప్ప ప్రయోగమే. 20 గంటలన్న మాట దగ్గర మాత్రం గృహిణి నవ్వుతుంది. సూర్యకాంతిలో అతినీలలోహితం వాటా ఏ అయిదు శాతమో, బీరువాలో సున్నా. కారవాన్‌లో మరక తనంతట తాను పోదు. ఇక ఎర్రటి ఎండలో నాలుగు రోజులు తీసే ఫైటుకు ఇలాంటి బట్ట వాడితే హీరో గాయం రోజురోజుకూ మానిపోతున్నట్టు కనబడే ప్రమాదం కూడా ఉంది.

అన్నీ పూతలే కావు. పోగునే నానో మందానికి తీయడం వేరే దారి. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో చంద్రశేఖర్ శర్మ బృందం విద్యుత్ క్షేత్రంతో సెల్యులోజ్ అసిటేటు పోగులు లాగి, శానిటరీ నాప్‌కిన్లలో పీల్చే పొరగా పనికొస్తాయని 2016లో చూపించింది. మామూలు నాప్‌కిన్లలో ఉండే జెల్ పొడి లేకుండానే ద్రవాన్ని పట్టి ఉంచడం దాని ఉద్దేశం. కారవాన్ సౌకర్యం హీరోయిన్ దగ్గర ఆగిపోయే లొకేషన్లలో పదహారు గంటలు పనిచేసే గ్రూప్ డాన్సరుకు, అసిస్టెంట్ డైరెక్టరుకు, హెయిర్ డ్రెస్సరుకు అక్కరకొచ్చే నానో ఇలాంటిదే. ఊడిపోయే పూత కాదు కాబట్టి ఉతుకుల ప్రశ్న కూడా లేదు.

కొనడం అయ్యాక మిగిలేది కాపాడుకోవడం. ఇక్కడ ఊరి నీళ్ల సంగతి వస్తుంది. జూబ్లీహిల్స్ కొండల మీద నల్లా నీళ్లు చాలక బోర్లతో, ట్యాంకర్లతో నెట్టుకొచ్చే ఇళ్లు ఎన్నో. బోరు నీళ్లలో సున్నం, మెగ్నీషియం ఎక్కువ. బట్టల సబ్బు వాటితో కలిస్తే తెల్లటి తెట్టు కడుతుంది, అది పోగుల మీద పేరుకుంటే తామరాకు గుణం పోతుంది. నీళ్లు జారే బట్టకు సబ్బుబిళ్ల కన్నా ద్రవ డిటర్జెంటు, అదీ తక్కువగా, మేలు. జాడించడం మాత్రం ఒకసారి ఎక్కువే కావాలి. ఫాబ్రిక్ కండిషనర్ అసలు వద్దు. అది పోగుల మీద మెత్తని పొర వేస్తుంది, బొట్టు నిలవదు, బట్ట చెమటనూ సరిగ్గా పీల్చదు. వెండి బట్టకు క్లోరిన్ బ్లీచు శత్రువు. రేణువుతో చర్య జరిపి దాని రూపాన్నే మార్చేస్తుంది.

నీళ్లు జారడం ఆగిపోయిందని జాకెట్టును వెంటనే పక్కన పడేయనక్కర్లేదు. ఫ్లోరిన్ పూతల్లో అణువుల తోకలు ఉతుకుల్లో అటూ ఇటూ వాలిపోతాయి, కాస్త వేడి తగిలితే మళ్లీ లేచి నిలబడతాయి. పైన పలుచని బట్ట వేసి, చీటీ మీద ఇస్త్రీ గుర్తు ఒప్పుకున్నంత వేడిలో మెల్లగా ఒక్క వరస ఇస్త్రీ చేసి, మళ్లీ నీళ్ల చుక్క వేసి చూడాలి. నిలిస్తే ఇంకొన్నాళ్లు. నిలవకపోతే పూత పని అయిపోయింది, ఇక అది మామూలు జాకెట్టు, మామూలుగానే వాడుకోవచ్చు. దుస్తుల శాఖలో ప్రతి బట్టకూ కాలర్ లోపల చెరగని సిరాతో పాత్ర పేరు, సీను నంబరు రాస్తారు. అదే పెన్నుతో, అదే చోట, ఉతికినప్పుడల్లా ఒక చిన్న గీత పెట్టుకుంటే, చుక్క నిలవని రోజున గీతలు లెక్కపెట్టి ఆ కంపెనీ చీటీ మీద రాసిన సంఖ్యతో పోల్చుకోవచ్చు. గీతలు ఆ సంఖ్యకు చాలా ముందే ఆగిపోతే బిల్లు పట్టుకుని దుకాణానికి వెళ్లి అడగడానికి చేతిలో ఒక లెక్క ఉంటుంది.